అర్ధ లీటరు

నాన్న చివరిసారిగా అచ్చుతప్పులు దిద్దింది ఏ గ్రంథానికో కాదు, నేను రాసిన బరువుల పుస్తకానికి. రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం అది. అట్ట మీద పేరు లేదు. లోపల మొదటి పేజీలో నాన్న స్కేలు పెట్టి గీసిన గళ్లు ఉన్నాయి: తేదీ, బరువు, తాగిన నీళ్లు, మూత్రం, కాళ్ల వాపు, దిండ్లు. ఎవరికైనా చూపిస్తే ఆ చివరి గడి దగ్గర ఆగిపోతారు. దిండ్లను లెక్కపెట్టడం ఏమిటని అడుగుతారు. ఒకప్పుడు నాకూ తెలియదు.

నాన్న ముప్పై ఏడేళ్లు ప్రూఫులు దిద్దారు. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో చేరి, కంప్యూటర్ వచ్చాక పదవీ విరమణ చేశారు. ఇంట్లో ఏ కాగితం కనిపించినా ఆయన చెయ్యి ఎర్ర కలం కోసం తడుముకునేది. పెళ్లిపత్రికలు, కరెంటు బిల్లు వెనక ముద్రించిన సూచనలు, నా చిన్నప్పటి ఉత్తరాలు, ఏవీ ఆ కలాన్ని తప్పించుకోలేదు. నేను పుస్తకంలో బరువు రాయడం మొదలుపెట్టిన మూడో రోజునే "ఆయాశం" అని రాసిన చోట "శ" కొట్టేసి, పక్కన మార్జిన్‌లో చిన్నగా "స" అని రాశారు. అప్పటికి ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి వారం కాలేదు. కలం పట్టుకున్న వేళ్లు కొద్దిగా వణుకుతున్నాయి. "స" మాత్రం గుండ్రంగా, అచ్చు వేసినట్లు ఉంది.

ఇదంతా 2013లో మొదలైంది, ఆయనకు అరవై ఎనిమిదేళ్లప్పుడు. మొదలైందని ఇప్పుడు అంటున్నాను కానీ, అప్పుడు మాకు ఏదీ మొదలైనట్లు తోచలేదు. రాత్రిళ్లు పొడి దగ్గు వచ్చేది. జలుబు అనుకున్నాం. మెట్లెక్కుతూ సగంలో ఆగి, గోడ మీద చెయ్యి ఆనించి, అక్కడేదో రాసి ఉంటే చదువుతున్నట్లు నిలబడేవారు. వయసు అనుకున్నాం. ఎప్పుడూ ఒక్క దిండు మీద పడుకునే మనిషి రెండోది అడిగారు. ఇంకొన్ని వారాలకు మూడోది. నేను మెత్తటి కొత్త దిండు కొని తెచ్చి తల కింద సర్ది, "ఇప్పుడు హాయిగా ఉందా నాన్నా?" అని అడిగాను. "ఉంది తల్లీ" అన్నారు. ఏదో మేలు చేశానని ఆ రాత్రి నేను కూడా హాయిగా నిద్రపోయాను.

ఆ దిండ్లే జబ్బుకు కొలబద్ద అని డాక్టరు చెప్పినప్పుడు నా ముఖంలోకి రక్తమంతా వచ్చినట్లయింది. పడుకున్నప్పుడు కాళ్లలో నిలిచిన నీరు ఛాతీ వైపు మళ్లుతుంది. అలసిన గుండె దాన్ని ముందుకు తోయలేదు. ఊపిరితిత్తులు బరువెక్కుతాయి. అందుకే మనిషి తల ఎత్తుకుని ఎత్తుకుని, చివరికి కూర్చునే నిద్రపోతాడు. డాక్టరు నాన్న చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి తీశారు. తడిమట్టిలో నొక్కినట్లు గుంట పడింది. అది మెల్లగా పూడేదాకా మేం ముగ్గురం మాటామంతీ లేకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఎకో అనే గుండె స్కాన్ తీశారు. పంపింగ్ 25 శాతం అన్నారు. నేను మనసులో వందలోంచి ఇరవై అయిదు తీసేసి, నాన్న గుండెలో ముప్పాతిక భాగం చచ్చిపోయిందని లెక్క కట్టుకున్నాను. ఆ తప్పుడు లెక్కతో రెండు రోజులు ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఎంత ఆరోగ్యమైన గుండె అయినా తనలో నిండిన రక్తాన్నంతా ఒక్క దెబ్బకు బయటికి తోయదని. 55 నుంచి 70 శాతం దాకా తోస్తే అది నిండు గుండె. 25 చాలా తక్కువే. అయినా నేను అనుకున్నంత చావు కాదది. ఆ సంగతి మొదటి రోజే ఎవరైనా ఒక్క నిమిషం కూర్చుని చెప్పి ఉంటే బాగుండేది. చెప్పేవాళ్లకు అది రోజూ పలికే అంకె. వినేవాళ్లకు అది ఇల్లు కూలిన చప్పుడు.

ఆసుపత్రిలో ఇచ్చిన కరపత్రం మీద "గుండె వైఫల్యం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. నాన్న మంచం మీద కూర్చుని దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. రెండు చోట్ల ఒత్తులు సరిచేశారు. తర్వాత శీర్షిక దగ్గరికి వచ్చి చాలాసేపు ఆగారు.

"వైఫల్యం అంటే పరీక్ష తప్పినట్లు ఉంది తల్లీ. రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటున్న దాన్ని పట్టుకుని విఫలమైంది అనవచ్చునా?"

నేనేమీ అనలేకపోయాను. ఆయన ఆ మాట కింద గీత గీసి, మార్జిన్‌లో "అలసట?" అని రాశారు. ప్రశ్నార్థకం పెట్టారు. ప్రూఫులు దిద్దేవాళ్లు రచయిత మాటను తమంతట తాము మార్చరు, సందేహం ఉంటే అలా పక్కన అడిగి వదిలేస్తారు. ఆ ప్రశ్నకు జవాబు రాయవలసిన రచయిత ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చాక మా జీవితం అంకెల్లోకి మారిపోయింది. పొద్దున్నే లేచి, మూత్రానికి వెళ్లి వచ్చి, ఏమీ తినకముందు, అవే పలచటి బట్టలతో బరువు చూడాలి. రోజూ అదే యంత్రం, గదిలో అదే మూల. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఫోను చేయాలి. రోజుకు లీటరున్నర నీళ్లు. మాత్ర మింగే గుక్క కూడా ఆ లెక్కలోదే. ఉప్పు గురించి చెప్పనే అక్కర్లేదు.

అమ్మ లేదు. అప్పటికి ఆరేళ్లయింది. తమ్ముడు దూరదేశంలో ఉద్యోగం. రోజూ రాత్రి ఫోను చేసేవాడు. మొదట్లో "నాన్న ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. నెల తిరిగేసరికి "ఈ రోజు ఎంత?" అనడం మొదలుపెట్టాడు. నేను "అరవై రెండున్నర" అనేదాన్ని. "నిన్నటికంటే?" "రెండు వందల గ్రాములు తక్కువ." "హమ్మయ్య." అంతే మా సంభాషణ. ప్రేమ లేక కాదు. ఇద్దరికీ ఉన్న భయమంతా ఆ ఒక్క అంకెలో ఇమిడిపోయేది. ఒకసారి నాన్న ఆ మాటలు విని, "నిద్ర పట్టిందో లేదో కూడా అడగమను వాడిని" అన్నారు. చాలా మెల్లగా అన్నారు. మరునాటి నుంచి తమ్ముడు అదీ అడిగాడు. నేను దానికీ పుస్తకంలో ఒక గడి గీశాను.

పోరాటమంతా నీళ్ల దగ్గరే. పొద్దున్నే లీటరున్నర నీళ్లు ఒక జగ్గులో పోసి ఆయన కళ్ల ముందు పెట్టేదాన్ని. అర్ధ లీటరు చొప్పున మూడు గీతలు పెట్టాను. పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం "అర్థ లీటరు" అని రాసేదాన్ని. నాన్న ప్రతిసారీ దిద్దేవారు. "అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. పొట్టలో చుక్క ఉంటే భావం తల్లీ, నీకు కావలసింది సగం." మరునాడు మళ్లీ అలాగే రాసేదాన్ని. కావాలని కాదు, చెయ్యి అలా అలవాటు పడింది. ఆయన విసుక్కోకుండా ఆ చుక్కను మళ్లీ కొట్టేసేవారు.

మధ్యాహ్నం మూడింటికల్లా జగ్గు రెండో గీత దాటేది. సాయంత్రానికి అడుగున నాలుగు గుక్కలు మిగిలేవి. ఆయన అడిగేవారు కాదు. చూసేవారు. జగ్గును చూసి, నన్ను చూసి, కిటికీలోకి చూసేవారు. ఆ చూపుల కంటే అడిగితేనే నయమని నాకు అనిపించేది. తడిగుడ్డతో పెదవులు అద్దేదాన్ని. నోరు పుక్కిలించి ఉమ్మమనేదాన్ని. ఒక రోజు పుక్కిలించిన నీళ్లు మింగేశారు. నేను చూశాను. చూశానని ఆయనా చూశారు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, నాకు అక్షరాలు నేర్పిన మనిషి, బడిలో తప్పు చేసి పట్టుబడ్డ పిల్లవాడిలా తల దించుకున్నారు.

"నాన్నా, మీ మంచికేగా చెబుతున్నాను" అని గట్టిగా అరిచాను. అరిచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నేను నిండుగా ఒక గ్లాసు నీళ్లు తాగాను. తాగుతుంటే గొంతు పూడుకుపోయింది. అప్పటి నుంచి ఆయన ఎదుట నేను నీళ్లు తాగలేదు.

చాలా కాలానికి, ఒక నర్సు నెమ్మదిగా వివరించింది. గుండె నుంచి రక్తం సరిగ్గా అందకపోతే మూత్రపిండాలు ఒంట్లో నీరే తక్కువైందని పొరబడతాయట. ఉన్న ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి. ఆ పొరపాటులోనే పుట్టే హార్మోన్లు మెదడుకు చేరి దాహాన్ని రేపుతాయి. పైగా నీరు పోయే మాత్రలు నోటిని ఎండగడతాయి. ఒళ్లంతా నీటితో ఉబ్బిన మనిషికి ఎడారిలో ఉన్నంత దాహం వేస్తుందన్నమాట. అంటే నేను ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది జబ్బు. ఆయన నా మాట వినకపోవడం కాదు, ఆయన గొంతులోంచి ఆ రోగమే నీళ్లు అడుగుతోంది. ఇది ముందే తెలిసి ఉంటే జగ్గులో నీళ్లు పెరిగేవి కావు. నా గొంతు మాత్రం కొంచెం తగ్గేది. జబ్బు మనిషిని చూసుకోవలసిన వాళ్లకు మాత్రల పట్టికకు ముందు ఈ దాహం సంగతి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

మాత్రల పట్టిక నాన్నకు మరో పుస్తకం. ఒక్కో పేరునూ అక్షరం అక్షరం చదివి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోమనేవారు. రాత్రి నేను చదివి, పొద్దున బరువు చూశాక చెప్పేదాన్ని. ఆ పావుగంట మా ఇద్దరికీ ఇష్టం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ అనే మాత్రను బలహీనమైన గుండెలకు ఇవ్వనే కూడదని ఒకప్పుడు వైద్యులు అనుకునేవారట. 1975లో స్వీడన్‌లో ఫిన్ వాగ్‌స్టెయిన్, ఆయన సహచరులు ధైర్యం చేసి కొద్దిమంది రోగులకు ఇచ్చి, మెరుగు కనిపించిందని రాశారు. లోకం నమ్మడానికి చాలా కాలం పట్టింది. 1999లో పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాక అదే ముఖ్యమైన మందుల్లో ఒకటైంది. "ఇరవై నాలుగేళ్లు ప్రూఫు దిద్దారన్నమాట" అన్నారు నాన్న. ఆ మాత్ర మోతాదు పెంచిన మొదటి వారాల్లో ఆయన మరింత నీరసించారు. అలాగే ఉంటుందని, ఆ మెట్టు దాటాక మేలు తెలుస్తుందని డాక్టరు ముందే చెప్పినా నాకు కాళ్లు చేతులు ఆడలేదు. నాన్నే నాకు ధైర్యం చెప్పారు, స్వీడన్ వాళ్ల కథ గుర్తు చేసి.

గుండెకు ఇచ్చే మరో మాత్ర డిజాక్సిన్. దాని కథ ఆయనకు మరీ నచ్చింది. ఒళ్లంతా నీరు పట్టిన వాళ్లకు ఇంగ్లండులో ఒక ముసలావిడ ఇరవై రకాలకు పైగా మూలికలు కలిపి రహస్యంగా మందు ఇచ్చేది. విలియం విదరింగ్ అనే వైద్యుడి దగ్గరికి 1775లో ఆ మందు తయారీ వివరం వచ్చింది. అన్ని మూలికల్లోనూ పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క ఒక్కటేనని ఆయన గుర్తుపట్టాడు. డిజాక్సిన్ ఆ జాతి మొక్కల నుంచి వచ్చిందే. పదేళ్లు రోగులకు ఇచ్చి చూసి, మేలు జరిగినవీ జరగనివీ కలిపి 1785లో అచ్చు వేయించాడు. నేను చెప్పడం పూర్తయ్యాక నాన్న ఒక్కటే అడిగారు.

"ఆవిడ పేరు ఏమిటి?"

విదరింగ్ ఆ పేరు రాయలేదు. ఆ సంగతి చెబితే నాన్న చాలాసేపు తల అడ్డంగా ఊపారు. పుస్తకాల్లో తన పేరు ఎక్కడా లేకుండా ముప్పై ఏడేళ్లు గడిపిన మనిషి ఆయన. ఆ రోజు నుంచి ఆ చిన్న తెల్లమాత్రను "ముసలావిడ మాత్ర" అనేవారు.

ఇక నా పొరపాటు. దాన్ని దాటేసి రాస్తే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది. రెండో ఏడు మోకాళ్ల నొప్పితో ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో నేను ఎప్పుడైనా వేసుకునే నొప్పి మాత్రలు ఉన్నాయి. చూడలేక ఒకటి ఇచ్చాను. హాయిగా పడుకున్నారు. మరునాడు ఇంకొకటి. అలా నాలుగు రోజులు. అయిదో రోజు పొద్దున బరువు చూస్తే మూడు కిలోలు పెరిగారు. వేళ్ల ఉంగరం కదలడం లేదు. అంబులెన్సులో కూర్చోబెట్టుకుని తీసుకెళుతుంటే ఊపిరి మధ్య మధ్యలో "తప్పు నీది కాదు తల్లీ" అంటున్నారు. మామూలు నొప్పి మాత్రల్లో చాలా వాటికి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచే గుణం ఉందని ఆసుపత్రిలో చెప్పారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. ఎవరూ నన్ను నిందించలేదు. పుస్తకంలో ఆ నాలుగు రోజుల గళ్లలో నేను నొప్పి మాత్ర సంగతి రాయలేదు. తర్వాత నాన్న తన చేత్తో రాశారు, ఎర్ర సిరాతో కాదు, మామూలు నీలం సిరాతో. తేదీ, మాత్ర పేరు, అంతే. తప్పును తప్పుగా దిద్దలేదు, వదిలేసిన మాటను చేర్చారు.

రాత్రులు వేరే లోకం. పడుకున్న రెండు మూడు గంటలకు ఉన్నట్లుండి ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు, ఎవరో నీటిలోంచి పైకి లాగినట్లు. కాళ్లు మంచం కిందికి వేలాడదీసి, రెండు చేతులూ పరుపు మీద ఊని, నోరు తెరిచి గాలి కోసం చూసేవారు. నేను కిటికీ తెరిచేదాన్ని. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను ముఖానికి దగ్గరగా పెట్టేదాన్ని. ముఖం మీద గాలి తగిలితే ఆయాసం కొంత శాంతిస్తుంది. ఇది మందుల చీటీలో ఉండదు, కానీ మాకు ఎన్నో రాత్రులు అదే దిక్కు. వీపు మీద చెయ్యి వేసి ఉంచేదాన్ని. రుద్దేదాన్ని కాదు. రుద్దితే ఊపిరికి అడ్డమని అనేవారు. ఊరికే చెయ్యి ఉండాలి.

ఆయనకు భయం వేసేది. ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఊపిరి కుదుటపడ్డాక, మళ్లీ పడుకోవడానికి ధైర్యం చాలక, ఏదో ఒకటి చెబుతూ కూర్చునేవారు. అలా నాకు ఆయన యౌవనమంతా రాత్రి రెండు, మూడు గంటల మధ్య తెలిసింది. సీసపు అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్లు ఉంటాయని, వాటిని అలాగే చదవడం మూడు నెలల్లో వచ్చేసిందని చెప్పారు. ఒకసారి ఒక సంతాప ప్రకటనలో మనిషి పేరు తప్పు పడితే, రాత్రికి రాత్రి వెళ్లి యంత్రం ఆపించారట. "బతికి ఉన్నప్పుడు తప్పు పడితే మరునాడు సవరణ వేస్తాం. పోయినప్పుడు తప్పు పడితే సవరణ ఎవరు చదువుతారు?" అన్నారు. అమ్మను మొదటిసారి చూసిన రోజు సంగతి కూడా అలాంటి ఒక రాత్రే చెప్పారు. దాన్ని ఇక్కడ రాయను. అది నాకు ఆయాసం తెచ్చిచ్చిన ఆస్తి.

తర్వాత నేను నా గదికి వెళ్లేదాన్ని. పడుకునేదాన్ని, నిద్రపోయేదాన్ని కాదు. గోడ అవతలి ఊపిరిని వింటూ ఉండేదాన్ని. ఊపిరి వేగంగా ఉంటే భయం, వినబడకపోతే అంతకంటే భయం. లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడి, ఛాతీ కదలడం చూసి వచ్చేదాన్ని. ఇన్నేళ్లయినా ఆ వేళకు మెలకువ వచ్చి చెవులు రిక్కించి వింటాను. ఏమీ వినబడదు.

మధ్యలో మంచి రోజులూ వచ్చాయి. దీని గురించి ఎవరూ మమ్మల్ని హెచ్చరించలేదు. 2015లో దాదాపు ఎనిమిది నెలలు ఆయన ఒక్క దిండు మీద పడుకున్నారు. ఎకోలో 35 వచ్చింది. మెట్లు ఆగకుండా ఎక్కారు. నేను పుస్తకంలో రోజు విడిచి రోజు రాయడం మొదలుపెట్టాను. తమ్ముడు ఫోనులో అంకె అడగడం మరిచిపోయాడు. ఈ జబ్బు వాలుగా జారే దారి కాదు. దిగుతుంది, ఆగుతుంది, కొంత ఎక్కుతుంది, ఒక్కసారిగా రెండు మెట్లు కూలుతుంది. ప్రతిసారీ నేను మనసులో ఆయనకు వీడ్కోలు చెప్పుకోవడం, ఆయన లేచి కూర్చుని కళ్లజోడు అడగడం. సంతోషమే. కానీ ఏడుపు పూర్తి కాకుండానే కళ్లు తుడుచుకోవలసి రావడం వల్ల లోపల ఏదో పేరుకుపోతుంది. చూడవచ్చినవాళ్లు "బాగానే ఉన్నారే!" అని వెళ్లిపోయేవారు. వాళ్లు చూసింది కుర్చీలో కూర్చున్న మనిషిని. కుర్చీ దాకా రావడానికి పట్టిన నలభై నిమిషాలను కాదు.

2016 చివర్లో ఒక రాత్రి, మూడోసారి పక్క దుప్పటి మార్చాక, స్నానాల గదిలో కూర్చుని "ఇది ఎప్పటికి ముగుస్తుంది?" అనుకున్నాను. పైకి అనలేదు. ముగియడం అంటే ఏమిటో తెలిసే అనుకున్నాను. నన్ను నేను క్షమించుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చి ఎవరైనా ఇలాగే అనిపించిందని చెబితే, ఆ మాట అనుకున్న చేతులే మరుక్షణం తడి దుప్పటి ఉతికాయని గుర్తు చేస్తాను.

ఆఖరి ఏడాది బరువు పెద్దగా మారలేదు. అరవై ఒకటి, అరవై రెండు. పుస్తకం చూస్తే అంతా బాగున్నట్లే ఉంటుంది. కానీ చొక్కా భుజాల మీద నిలవడం లేదు. కణతల దగ్గర గుంటలు పడ్డాయి. కండ కరుగుతుంటే ఆ ఖాళీలోకి నీరు వచ్చి చేరింది. తూకం మాత్రం అదే అంకె చూపిస్తోంది. నాలుగేళ్లు ఏ అంకెను నమ్ముకుని బతికానో ఆ అంకె నన్ను అలా మోసం చేసింది. ఆకలి లేదు. నాలుగు మాటలకు ఒక ఊపిరి కావలసి వచ్చేది. తర్వాత రెండు మాటలకు.

2017లో ఆరోసారి ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టారు. ఇక మందు పెంచితే మూత్రపిండాలు తట్టుకోవని, తగ్గిస్తే ఊపిరి నిలవదని చెప్పారు. తర్వాత మా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, నాన్ననే అడిగారు, ఎక్కడ ఉండాలని ఉందని. నాన్న "ఇంట్లో" అన్నారు. అది అడిగినందుకు ఆ డాక్టరుకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌ను చాలా తక్కువ మోతాదులో ఇస్తే ఆయాసపు బాధ తగ్గుతుందని చెప్పి, ఎంత ఇవ్వాలో రాసిచ్చారు. లేచి వెళ్లబోతూ ఆగి, "ఇక నీళ్లు కొలవనక్కర్లేదమ్మా. అడిగినప్పుడు ఇవ్వండి" అన్నారు.

నేను మెట్ల దగ్గర కూలబడిపోయాను. అన్ని మాటల్లోకీ ఆ మాటే నన్ను పడగొట్టింది.

ఇంటికి వచ్చిన సాయంత్రం జగ్గు తీసి లోపల పెట్టేశాను. మంచం పక్కన ఒక గ్లాసు నిండుగా పోసి పెట్టాను. నాన్న దాన్ని చూశారు. అలవాటుగా నా వైపు చూశారు.

"తాగండి నాన్నా. ఎంత కావాలంటే అంత."

ఆయనకు అర్థమైంది. జీవితమంతా రాయని మాటను కూడా చదివిన మనిషి. నా చేతిని కొంచెంసేపు పట్టుకున్నారు. తల కింద చెయ్యి వేసి లేపి గ్లాసు పెదవులకు అందించాను. ఒక గుక్క తాగారు. ఆగి, ఇంకొకటి. నాలుగేళ్లు మేమిద్దరం దేని కోసం పోట్లాడుకున్నామో ఆ నీళ్లు గ్లాసు నిండా అలాగే ఉన్నాయి.

"చాలు తల్లీ" అన్నారు. తర్వాత గ్లాసును వేలితో నా వైపు నెట్టి, "నువ్వు తాగు" అన్నారు.

ఆయన ఎదుట నేను నీళ్లు తాగడం లేదని ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. అక్కడే, మంచం అంచున కూర్చుని, గ్లాసంతా తాగాను. ఆయన చూస్తూ ఉన్నారు, నేను చిన్నప్పుడు పాలు తాగుతుంటే ఆఖరి గుక్క దాకా కనిపెట్టి ఉన్నట్లు. ఇంకా తొమ్మిది రోజులు ఉన్నారు. పదో రోజు తెల్లవారుజామున ఊపిరి దూరం దూరంగా వచ్చి, ఒకచోట ఆగి, మళ్లీ రాలేదు. నా చెయ్యి ఆయన వీపు మీదే ఉంది.

బరువు చూసే యంత్రాన్ని ఎవరికో ఇచ్చేశాను. మిగిలిన మాత్రలు ఆసుపత్రికి తిరిగి ఇచ్చాను. పుస్తకం నా దగ్గరే ఉంది. మొదట్లో అంకెల కోసం తెరిచేదాన్ని, ఎక్కడ ఏ మందు ముందుగా పెంచి ఉంటే ఏమయ్యేదోనని వెతుక్కుంటూ. ఇప్పుడు ఎర్ర సిరా కోసం తెరుస్తున్నాను. మొదటి ఏడాది పేజీకి అయిదారు దిద్దుబాట్లు ఉంటాయి. మంచి రోజుల్లో మార్జిన్‌లో చిన్న వ్యాఖ్యలు కూడా ఉన్నాయి: "వాక్యం బాగుంది", "ఈ అంకె మళ్లీ చూడు". మూడో ఏడు పేజీకి ఒకటో రెండో. నాలుగో ఏడు అక్షరాలు పెద్దవై, గీతలు వంకర పోయాయి. ఆ తర్వాత కొన్ని పేజీల్లో ఎరుపు లేదు. బరువుల గడిలో కనిపించనిదంతా అక్కడ కనిపిస్తుంది.

ఆరోసారి ఆసుపత్రికి వెళ్లడానికి ముందురోజు రాసిందే చివరి పేజీ. బరువు అరవై ఒకటి. వాపు మోకాళ్ల దాకా. దిండ్లు నాలుగు. నీళ్ల గడిలో, నా దస్తూరిలో, "ఉదయం అర్థ లీటరు" అని ఉంది.

మొన్న దాని మీద నా చెయ్యి ఆగింది. ఆయన కలం ఇంకా రాస్తుంది. మూత తీశాను. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, మళ్లీ మూత పెట్టేశాను.